సజ్జన్ కుమార్‌కి రెండో యావజ్జీవం: ఒక లోకల్ ఎంపీ నిజంగా ఇంత చేయగలడా?

పాలమూరు_రవి
1984లో ఢిల్లీలో సిక్కుల్ని చంపిన కేసుల్లో అప్పటి ఎంపీ సజ్జన్ కుమార్‌కి మళ్ళీ యావజ్జీవం పడిందని వార్త చూశాను. సరస్వతీ విహార్‌లో తండ్రిని, కొడుకుని చంపిన కేసు. 2018లో ఒకసారి పడింది, 2025 ఫిబ్రవరిలో ఇది రెండోది. అప్పటికే మనిషికి ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాయి.

ఇందిరా గాంధీని సొంత బాడీగార్డులే కాల్చి చంపారు, జనం కోపం పట్టలేక రోడ్డెక్కారు, హిందువులకీ సిక్కులకీ గొడవలయ్యాయి అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అలా రోడ్డెక్కిన జనం చేసినదానికి ఒక ఎంపీ ఎలా బాధ్యుడవుతాడు? అతను చేయగలిగింది ఎంత? ఒకవేళ చేసి ఉంటే ఇన్నేళ్ళు కోర్టులు ఏం చేశాయి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

బెజవాడ_శీను
పార్టీల పేరెత్తకుండా 84 గురించి మాట్లాడటం కష్టం రవీ. చెప్పేవాళ్ళు చెప్పండి, చదువుతాను.

ఆర్కేపురం_బాబాయి
అప్పుడు నేను ఢిల్లీలోనే ఉన్నాను. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం, ఆర్కే పురంలో క్వార్టర్. కళ్ళతో చూసింది చెబుతాను.

అక్టోబర్ 31 పొద్దున కాల్పులు జరిగాయి. రేడియో చనిపోయారని సాయంత్రం దాకా చెప్పలేదు గానీ బీబీసీ విన్నవాళ్ళ ద్వారా మధ్యాహ్నానికే ఆఫీసంతా పాకింది. ఆ సాయంత్రం ఇందిరని తీసుకెళ్ళిన ఎయిమ్స్ ఆసుపత్రి చుట్టుపక్కల తలపాగా కనిపిస్తే చాలు, బస్సుల్లోంచి, స్కూటర్ల మీద నుంచి లాగి కొట్టారు. రాష్ట్రపతి జైల్ సింగ్ కారు మీద కూడా రాళ్ళు పడ్డాయి. రవి చెప్పిన "జనం కోపం" అంటే అది. అది నిజమే, ఉంది.

మర్నాడు పొద్దున వచ్చినవాళ్ళు వేరు. మా సెక్టార్ మూల మీద ఒక టాక్సీ స్టాండ్ ఉండేది. నలుగురైదుగురు సర్దార్లు అక్కడే నవారు మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళు. నవంబర్ 1న ఒక లారీ వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో మా కాలనీ మొహం ఒక్కటీ లేదు. చేతుల్లో ఒకే సైజు ఇనుప కడ్డీలు, కిరోసిన్ డబ్బాలు. టాక్సీలు తగలబెట్టి మళ్ళీ అదే లారీ ఎక్కి వెళ్ళారు. అప్పటికి డ్రైవర్లు పారిపోయారు కాబట్టి బతికారు. సాయంత్రం వెళ్ళి చూస్తే నవారంతా కాలిపోయి మంచం కోళ్ళు మిగిలాయి, స్టీరింగులు కరిగి ముద్దయిపోయాయి. పోలీసు జీపు ఒకటి ఆ దారినే వెళ్ళింది, ఆగలేదు.

మా పై క్వార్టర్‌లో ఉండే సర్దార్జీ మా ఆఫీసే. ఆ కుటుంబాన్ని మా ఇంట్లోకి తెచ్చుకున్నాం. వాళ్ళ గుమ్మం మీద పేరు బోర్డు నేనే ఊడదీశాను. చిన్నబ్బాయి జుట్టుకి మా ఆవిడ రెండు జడలు వేసి మా అమ్మాయి గౌను తొడిగింది. వాడు ఏడ్చాడు, అమ్మాయి బట్టలు వేసుకోనని. వాళ్ళమ్మ నోరు మూసి పట్టుకుంది.

ఇక లారీ ఎవరు పంపారు, కిరోసిన్ ఎవరిచ్చారు అంటారా, నాకు ఆ రోజు తెలియదు. కోపం వచ్చినవాడికి లారీ దానంతటదే రాదని మాత్రం తెలుసు.

కోనసీమ_కుర్రాడు
బాబాయి గారూ, ఒక్క ప్రశ్న. అంత పెద్ద ఊళ్ళో ఏ ఇల్లు సిక్కులదో బయట నుంచి వచ్చినవాళ్ళకి ఎలా తెలిసింది?

చట్టం_చదువరి
దానికి నేను చెబుతాను. ఓటర్ల జాబితాలు, రేషన్ జాబితాలు పట్టుకుని వచ్చారని బాధితులు మొదటి రోజు నుంచీ చెప్పారు. పీయూడీఆర్, పీయూసీఎల్ అనే రెండు పౌరహక్కుల సంఘాలు అదే నవంబర్‌లో కాలనీలన్నీ తిరిగి నివేదిక వేశాయి. స్థానిక నాయకులు, కార్పొరేటర్లు, రేషన్ డీలర్లు, పోలీసులు ఎవరేం చేశారో పేర్లతో సహా రాశారు. ఆ నివేదికలో ఉన్న ఎంపీల్లో సజ్జన్ కుమార్ ఒకడు. అంటే అతని పేరు ఎవరో తర్వాత కల్పించింది కాదు, నెల తిరగకముందే బయట ఉంది.

లోకల్ ఎంపీ ఎంత చేయగలడు అన్న ప్రశ్నకి జవాబు ఆ కాలనీల్లోనే ఉంది. సుల్తాన్‌పురి, మంగోల్‌పురి ఔటర్ ఢిల్లీ నియోజకవర్గంలోవి, త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి తూర్పు ఢిల్లీవి. ఊరి మధ్యలో మురికివాడలు కూల్చి, ముఖ్యంగా ఎమర్జెన్సీ రోజుల్లో, జనాన్ని ఊరి చివరికి తోలి పెట్టిన పునరావాస కాలనీలు ఇవి. చిన్న జాగా, దాని మీద హక్కు కాగితం లేదు. నల్లా రావాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా, స్టేషన్ నుంచి కొడుకుని విడిపించాలన్నా నాయకుడి మనిషి దగ్గరికి పోవాల్సిందే. అలాంటి చోట నాయకుడు ఒక మాట చెబితే రేషన్ డీలర్ కిరోసిన్ తీస్తాడు, స్టేషన్ హౌస్ ఆఫీసర్ బయటికి రాడు. సజ్జన్ కుమార్ 1977లో కౌన్సిలర్‌గా మొదలై 1980లో కాంగ్రెస్ ఎంపీ అయ్యాడు. మూడేళ్ళలో అంత ఎదిగాడు.

బెజవాడ_శీను
ఇది మన ఊళ్ళలో కూడా చూసేదే. ఇంటి పట్టా, పెన్షన్, రేషన్ అన్నీ ఒకే మనిషి గుమ్మం మీదుగా వస్తే అతను ఏది చెబితే అది చేసేవాళ్ళు పదిమంది ఎప్పుడూ ఉంటారు.

విజయ్_నిజాంపేట
అన్నీ ఒక వైపే చెబుతున్నారు. పంజాబ్‌లో బస్సులు ఆపి హిందువుల్ని వేరు చేసి కాల్చి చంపినప్పుడు ఎవరికి శిక్ష పడింది? 1983 అక్టోబర్‌లో ఢిల్వాన్ దగ్గర ఆరుగురిని అలాగే చంపారు. 1987లో లాల్రూ బస్సులో ముప్పై మందికి పైగా పోయారు. ఢిల్లీలో జరిగింది తప్పే, కాదనను. కానీ ముందు జరిగింది వదిలేసి కథ మధ్య నుంచి మొదలుపెడితే ఎలా?

చట్టం_చదువరి
విజయ్ గారూ, మీరు చెప్పినవి రెండూ నిజం. 1981లో పత్రికాధిపతి లాలా జగత్ నారాయణ్ హత్య కూడా చేర్చండి. ఢిల్వాన్ తర్వాత మర్నాడే కేంద్రం అక్కడి సొంత పార్టీ ప్రభుత్వాన్నే పక్కనపెట్టి రాష్ట్రపతి పాలన పెట్టింది. అంటే రాజ్యం ఆ హంతకుల్ని శత్రువుగానే చూసింది, వెంటాడింది, చాలామందిని కాల్చి చంపింది. ఢిల్లీలో రాజ్యం పోలీస్ స్టేషన్లో కూర్చుంది. తేడా అక్కడ.

ఆర్కేపురం_బాబాయి
విజయ్, త్రిలోక్‌పురి 32వ బ్లాకులో చనిపోయినవాళ్ళలో చాలామంది మంచాలు అల్లుకుని బతికే లబానా సిక్కులు. రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన పేదవాళ్ళు. పంజాబ్ మిలిటెంట్ల నాయకుడు భింద్రన్‌వాలేతో వాళ్ళకి ఏం సంబంధం నాయనా? ఆ బ్లాకులోనే కొన్ని వందలమందిని చంపారు.

విజయ్_నిజాంపేట
సంబంధం ఉందని నేను అనలేదు బాబాయి గారూ. పంజాబ్ హిందువుల గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి అంటున్నాను. ఆ మాట మీదే ఉంటాను.

సికింద్రాబాద్_సుధ
మా వీధిలో మోటార్ స్పేర్ పార్టుల షాపు సర్దార్జీది. నవంబర్ 1న షట్టర్ దించి ఇంట్లోనే ఉన్నారు. మా నాన్న, పక్కింటి సాయిబు గారు రాత్రి వాళ్ళ అరుగు మీదే కూర్చున్నారు. మా దగ్గర ఏమీ జరగలేదు.

హైదరాబాద్ సిక్కులు ఇవాళ్టి వాళ్ళు కారు. 1832లో నిజాం కోసం రంజిత్ సింగ్ పంపిన ఫౌజుతో వచ్చారు. అత్తాపూర్ దగ్గర సిక్ ఛావనీ, బరంబాలా గురుద్వారా అప్పటివే. వాళ్ళలో చాలామంది మనకంటే బాగా తెలుగు మాట్లాడతారు. దేశంలో ఎక్కడో ఏదో జరిగితే వీళ్ళు ఎందుకు షట్టర్ దించుకోవాలి అని నాకు అప్పుడే అనిపించింది.

జహీరాబాద్_మల్లేశ్
సుధ గారూ, మా పక్కనే బీదర్‌లో 1988లో జరిగింది మర్చిపోవద్దు. ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన సిక్కు విద్యార్థుల్ని చంపారు. మా ఊరి నుంచి గంట ప్రయాణం. అక్కడి నానక్ ఝీరా గురుద్వారాకి మేమందరం పోతాం, అక్కడి లంగర్లో తింటాం. అలాంటి ఊళ్ళో అయింది. ఢిల్లీలో ఎవరికీ శిక్ష పడకపోతే ఇంకో ఊళ్ళో ఇంకొకడికి ధైర్యం వస్తుంది.

పాలమూరు_రవి
అందరికీ థాంక్స్. కోర్టులో అంత ఆలస్యం ఎందుకైంది అన్నది ఇంకా తెలియలేదు. చదువరి గారూ?

చట్టం_చదువరి
పెద్దదే రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు లెక్క. ఢిల్లీలో చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది. దేశం మొత్తం మీద 3,325. ఢిల్లీలో పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లు 587. వాటిలో 241 "ఎవరు చేశారో దొరకలేదు" అని పోలీసులే మూసేశారు. చాలాచోట్ల ఒక వీధిలోని హత్యలన్నీ కలిపి ఒకే ఎఫ్‌ఐఆర్ రాశారు. నాయకుడి పేరు చెబితే రాసుకోకుండా "గుంపు" అని రాశారు. కేసు పుట్టినప్పుడే చచ్చింది.

ఇక 2018లో శిక్ష పడిన కేసు. పాలం కాలనీ రాజ్‌నగర్‌లో నవంబర్ 1, 2 తేదీల్లో ఒకే కుటుంబంలోని అయిదుగురిని చంపి, గురుద్వారా తగలబెట్టారు. ప్రధాన సాక్షి కళ్ళ ముందే భర్త, పెద్ద కొడుకు పోయారు. ఆమె పోలీసు చౌకీకి పరిగెత్తితే సాయం చేయలేదు. శవాలు ఇంట్లోనే పడి ఉంటే 3వ తేదీన ఇంట్లో దొరికిన కలపతో ఆమే దహనం చేసుకుంది. ఎంపీ జనాన్ని పోగేసి సిక్కుల్ని వదలొద్దని రెచ్చగొట్టడం తన చెవులతో విన్నానని చెప్పింది. ఆ నాలుగు రోజుల స్టేషన్ డైరీ తీసి చూస్తే అంతమంది చచ్చినట్టు అందులో నమోదే లేదు.

1985లో రంగనాథ్ మిశ్రా విచారణ కమిషన్. నాయకుల మీద ఏమీ తేలలేదు. తర్వాత కమిటీ మీద కమిటీ. 1990లో సీబీఐ వాళ్ళు వేరే కేసులో సజ్జన్‌ని అరెస్టు చేయడానికి అతని ఇంటికి వెళ్తే అనుచరులు చుట్టుముట్టి కదలనివ్వలేదు, ఈలోపు కోర్టు నుంచి ముందస్తు బెయిలు వచ్చేసింది. 2000లో నానావతి కమిషన్ వేశారు, 2005లో నివేదిక వచ్చింది. దాని సిఫార్సు మీద సీబీఐ రాజ్‌నగర్ కేసు మళ్ళీ తీసింది. 2010లో చార్జిషీటు. 2013లో కింది కోర్టు మిగతా అయిదుగురిని దోషులంది, ఇతన్ని వదిలేసింది. మొదటి వాంగ్మూలాల్లో పేరు లేదన్నది ఒక కారణం. పోలీసు పేరు రాసుకోకపోతే కాగితంలో ఎక్కడి నుంచి వస్తుంది?

2018 డిసెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు, జస్టిస్ మురళీధర్, జస్టిస్ వినోద్ గోయల్ బెంచి, ఆ తీర్పు తిరగేసింది. సహజ మరణం దాకా జైలే అంది. నేరం చేసినవాళ్ళకి రాజకీయ అండ ఉండటం వల్లే ఇన్నేళ్ళు తప్పించుకున్నారని, ఇది మానవత్వం మీద జరిగిన నేరమని, ఇలాంటి వాటికి మన చట్టంలో విడిగా సెక్షనే లేదని రాసింది. ఏళ్ళు ఎందుకు పట్టాయో కోర్టే చెప్పింది చూడండి.

లక్ష్మి_హ్యూస్టన్
ఇదంతా నడుస్తుండగా అతను ఎన్నికల్లో పోటీ చేస్తూనే ఉన్నాడా?

చట్టం_చదువరి
చేశాడు, గెలిచాడు కూడా. 1991లో గెలిచాడు. 2004లో ఎనిమిదిన్నర లక్షల ఓట్లు వచ్చాయి. 2009లో టికెట్ వెనక్కి తీసుకున్నారు, అదీ ఒక సిక్కు జర్నలిస్టు హోంమంత్రి చిదంబరం మీద ప్రెస్ మీట్‌లో బూటు విసిరాక. ఆ ఎన్నికల్లో అతని తమ్ముడికి దక్షిణ ఢిల్లీ టికెట్ ఇచ్చారు, గెలిచాడు. ఇవే ఆరోపణలున్న తూర్పు ఢిల్లీ కాంగ్రెస్ ఎంపీ హెచ్.కె.ఎల్. భగత్ అయితే 1984 డిసెంబర్‌లోనే పెద్ద మెజారిటీతో గెలిచి మంత్రిగా కొనసాగాడు, ఏ శిక్షా లేకుండా 2005లో పోయాడు. మరో కాంగ్రెస్ నాయకుడు జగదీశ్ టైట్లర్ మీద పుల్ బంగశ్ గురుద్వారా కేసులో 2024లో అభియోగాలు ఖరారయ్యాయి.

లక్ష్మి_హ్యూస్టన్
ఎనిమిదిన్నర లక్షలా. ఆ ఓట్లు వేసినవాళ్ళ గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను.

కృష్ణాతీరం
అందరూ సజ్జన్ దగ్గరే ఆగిపోయారు. అప్పటి కేంద్ర హోంమంత్రి ఎవరు? మన పీవీ నరసింహారావు గారు. ఢిల్లీ పోలీసు హోంశాఖ చేతి కిందిదే. నవంబర్ 3 దాకా అదుపులోకి రాలేదంటే ఆయన ఏం చేస్తున్నట్టు?

హనుమకొండ_తిరుపతి
ఇదిగో, ఏ చర్చ మొదలైనా చివరికి పీవీ మీదికి తెస్తారు. అప్పుడు రాజీవ్ గాంధీ ప్రధాని. పీవీ గారిని పక్కనపెట్టి పోలీసు వ్యవహారం అంతా పైనుంచి నేరుగా నడిపించారని రాసినవాళ్ళు ఉన్నారు. పీవీ గారు లేకపోతే దేశం 1991లో దివాళా తీసేది.

కృష్ణాతీరం
1991 సంగతి కాదు తిరుపతి గారూ, 1984 సంగతి. మన్మోహన్ సింగ్ గారు 2019 డిసెంబర్‌లో బహిరంగంగా చెప్పారు. 1984లో ఆ సాయంత్రం ఐ.కె. గుజ్రాల్ (తర్వాత ప్రధాని అయిన ఆయన) పీవీ దగ్గరికి వెళ్ళి వెంటనే సైన్యాన్ని పిలవమని చెప్పారని, ఆ మాట వినుంటే ఆ ఊచకోత తప్పేదని. పీవీని ఎంతో గౌరవించే మనిషి అన్న మాట అది.

హనుమకొండ_తిరుపతి
మన్మోహన్ గారు అది పీవీ పోయిన పదిహేనేళ్ళకి చెప్పారు. జవాబు చెప్పుకోవడానికి ఆయన లేరు. పీవీ గారి కుటుంబం అప్పుడే అభ్యంతరం చెప్పింది. మంత్రివర్గం మొత్తం తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్క మంత్రి మీద రుద్దడం అన్యాయం. ఆ డిసెంబర్‌లోనే హనుమకొండలో ఓడిపోయారు కూడా, ఆయన శిక్ష ఆయన అనుభవించారు.

చట్టం_చదువరి
తిరుపతి గారూ, హనుమకొండలో ఓటమికీ దీనికీ సంబంధం లేదు. దేశమంతా సానుభూతి గాలి ఉన్నా మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 సీట్లు ఇచ్చిన ఎన్నిక అది. నా ఉద్దేశం చెబుతాను. పీవీ చేయి చేసుకోలేదు, రెచ్చగొట్టలేదు. కానీ హోంమంత్రి కుర్చీలో కూర్చున్నవాడు అధికారం తన చేతిలో లేకుండా పోయిందని అనుకుంటే ఆ రోజే రాజీనామా చేసి బయటికొచ్చి చెప్పాలి. చెప్పలేదు. తెలుగువాడని నేను దాన్ని తగ్గించి చూడలేను.

ఆర్కేపురం_బాబాయి
చదువరి అన్నదే నా మాట కూడా. పీవీ గారంటే నాకు చాలా గౌరవం. ఆ మూడు రోజులూ మా గుమ్మం వెనక నిలబడినవాణ్ణి, నేను ఇంకోలా చెప్పలేను.

బెజవాడ_శీను
పీవీ గారి మీద వేరే చర్చ తెరవండి బాబూ. లేకపోతే ఈ పేజీ వచ్చే ఎన్నికల దాకా నడుస్తుంది.

బ్రాంప్టన్_శ్రీదేవి
కెనడా నుంచి. 2024 నవంబర్ 3న మా ఊళ్ళో హిందూ సభా మందిరం దగ్గర ఖలిస్తాన్ (సిక్కులకి వేరే దేశం కావాలనే వాదం) జెండాలతో వచ్చినవాళ్ళకీ, గుడికి వచ్చినవాళ్ళకీ కొట్లాట జరిగింది. కర్రలతో కొట్టుకోవడం వీడియోల్లో అందరూ చూసే ఉంటారు. నిరసనలో డ్యూటీలో లేని పోలీసు ఒకడు కనిపిస్తే సస్పెండ్ చేశారు. నగర కౌన్సిల్ ఆ నెలలోనే ప్రార్థనా స్థలాల దగ్గర నిరసనలను కట్టడి చేస్తూ బైలా తెచ్చింది. అది సరిపోతుందా అంటే సరిపోదు. రెండు వైపులా ఓట్లున్నాయి కాబట్టి ఇక్కడి నాయకులు గుడికొస్తే ఒక మాట, సిక్కుల ఊరేగింపు నగర కీర్తనకి వెళ్తే ఒక మాట. కానీ పోలీసు ఒకడు గుంపులో ఉంటే వాడి ఉద్యోగం మీదికొచ్చింది. 84 ఢిల్లీలో ఆ ఒక్కటి జరిగి ఉంటే?

మా పక్కింటి పంజాబీ ఆవిడ ఢిల్లీ తిలక్ విహార్‌లో పెరిగింది. 84 వితంతువులకు ప్రభుత్వం ఇళ్ళిచ్చిన కాలనీ. ఖలిస్తాన్ వాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది, సజ్జన్ పేరు వింటే ఇంకా మండుతుంది. మా అబ్బాయి, వాళ్ళబ్బాయి ఒకే స్కూలు బస్సు ఎక్కుతారు. ఆ కొట్లాట మర్నాడు ఇద్దరం బస్ స్టాప్ దాకా కలిసే వెళ్ళాం.

విజయ్_నిజాంపేట
శ్రీదేవి గారూ, గుడి మీదికి వచ్చినవాళ్ళని కట్టడి చేయలేని నాయకులు కూడా బాధ్యులే కదా. నేను మొదటి నుంచి చెప్పేది అదే.

బ్రాంప్టన్_శ్రీదేవి
బాధ్యులే విజయ్ గారూ. అందుకే మా వార్డు కౌన్సిలర్‌కి నేనూ, పక్కింటావిడా ఇద్దరం సంతకం పెట్టి ఉత్తరం రాశాం. వేరు వేరుగా రాస్తే ఎవరి ఓటు వాళ్ళ లెక్కలో వేసుకుంటారు.

సికింద్రాబాద్_సుధ
ఇది చాలా నచ్చింది శ్రీదేవి గారూ. ఆ ఉత్తరం నమూనా ఇక్కడ పెట్టగలరా? మా కాలనీలో పండగ ఊరేగింపుల దగ్గర ప్రతి ఏడూ టెన్షనే.

బ్రాంప్టన్_శ్రీదేవి
పేర్లు తీసేసి రేపు పెడతాను.

కోనసీమ_కుర్రాడు
మన్మోహన్ సింగ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు కదా, అది ఎప్పుడు?

చట్టం_చదువరి
2005 ఆగస్టు 11, రాజ్యసభలో. సిక్కులకే కాదు, దేశం మొత్తానికి క్షమాపణ చెబుతున్నానని, సిగ్గుతో తల దించుకుంటున్నానని అన్నారు. నానావతి నివేదిక మీద గొడవలో ఆ రోజుల్లోనే టైట్లర్ మంత్రి పదవి వదిలాడు. రాజీవ్ గాంధీ 1984 నవంబర్ 19న బోట్ క్లబ్ సభలో పెద్ద చెట్టు కూలితే నేల కంపిస్తుందని అన్నాడు. ఆ మాటకి ఈ క్షమాపణ రావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. క్షమాపణ మంచిదే. రాజ్‌నగర్ సాక్షికి ఆ తర్వాత కూడా పదమూడేళ్ళు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

పాలమూరు_రవి
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. ఓటర్ల జాబితా, రేషన్ డీలర్, స్టేషన్ డైరీ, ఈ మూడూ కలిపి చూస్తే నేను అడిగినదానికి జవాబు దొరికినట్టే. చివరిగా ఒకటి. ఇప్పుడు రెండు యావజ్జీవాలు కదా, ఇక బయటికి రాడా?

చట్టం_చదువరి
2018 డిసెంబర్ 31న లొంగిపోయినప్పటి నుంచి లోపలే ఉన్నాడు. అనారోగ్యం పేరుతో బెయిలు అడిగితే సుప్రీంకోర్టు ఇవ్వలేదు. 2023లో సుల్తాన్‌పురి కేసు ఒకటి కొట్టేశారు, అయినా రాజ్‌నగర్ శిక్ష ఉంది కాబట్టి బయటికి రాలేదు. సరస్వతీ విహార్ కేసులో ప్రాసిక్యూషన్ ఉరి అడిగింది, కోర్టు వయసు, ఆరోగ్యం చూసి యావజ్జీవం వేసింది. రాజ్‌నగర్ తీర్పు మీద అతను సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. అది తిరగబడినా రెండోది మిగులుతుంది, రెండో దాని మీద హైకోర్టుకి వెళ్ళే హక్కు అతనికి ఉంది. టైట్లర్ కేసులో సాక్షుల విచారణ మొదలైంది. వాయిదాల్లో ఏమైనా కదిలితే ఇక్కడే రాస్తాను.